శాలువా వద్దు, మార్కుల షీటు మార్చండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తే ఏదో ఒక కాలేజీలో ఇంధన పొదుపు మీదో పర్యావరణం మీదో ప్రాజెక్టుల పోటీ జరిగిందని ఫొటోతో సహా వార్త తరచూ కనిపిస్తుంది. స్టేజీ మీద పెద్దలు, ముందు వరసలో సర్టిఫికెట్లు పట్టుకున్న పిల్లలు, వెనకాల గోడంత ఫ్లెక్సీ. ఈమధ్య అలాంటి ఫొటో ఒకదాంట్లో నేనూ ఉన్నాను, ఎడమ నుంచి మూడోవాణ్ని, మెడలో శాలువా. ఆ ఫొటోలో పడని సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే కత్తిరించుకోండి, కానీ నీళ్ల ట్యాంకు సంగతి మాత్రం తీసెయ్యకండి.

నేను కరెంటు ఆఫీసులో ముప్పై ఏళ్లు పైగా పనిచేసి రిటైరైన ఇంజినీర్ని. ఉద్యోగమంతా పాకాల, పూతలపట్టు వైపు పల్లెల్లో గడిచింది, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. జడ్జిగా రమ్మని ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు పిలిచారు. కాలేజీ పేరు రాయను, అక్కడొక్కచోటే ఇలా ఉందని నేననుకోవడం లేదు, పైగా నన్ను బాగానే చూసుకున్నారు. సెమినార్ హాల్లోకి అడుగు పెట్టగానే వణుకు పుట్టింది, ఏసీ 18 మీద ఉంది, తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. స్టార్ గుర్తున్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది, దాన్ని పనిగట్టుకుని ఎవరో 18కి దించారన్నమాట. టేబుళ్ల మీద థర్మాకోల్ కొండలు, థర్మాకోల్ ఊళ్లు, మనిషికో వాటర్ బాటిల్. మొదట అరగంట ఒక వక్త ప్రకృతి మన తల్లి అని చెప్పారు. మంచి మాటలే, నేనూ చప్పట్లు కొట్టాను.

మొదటి బహుమతి ఒక స్మార్ట్ డస్ట్‌బిన్‌కి వచ్చింది. చెయ్యి దగ్గర పెడితే మూత తెరుచుకుంటుంది, నిండితే ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. చూడముచ్చటగా ఉంది. పక్కనే నిలబడ్డ అబ్బాయిని మెల్లగా అడిగాను, నాయనా ఇందులో సెన్సర్ ఎలా పనిచేస్తుందని. నీళ్లు నమిలాడు. రెడీమేడ్‌గా ప్రాజెక్టులు చేసి అమ్మే సెంటర్లు ఉన్నాయని అందరికీ తెలిసిందే, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నేను తవ్వలేదు. మామూలు చెత్తబుట్టకు కరెంటు ఎందుకు పెట్టాలి, దాంట్లోని బ్యాటరీ చచ్చిపోయాక ఏ బుట్టలో వెయ్యాలి అని కూడా నేను అడగలేదు. ఎవరూ అడగలేదు.

ఇక అసలు సంగతి. చివరి టేబుల్ దగ్గర ముగ్గురు ఆడపిల్లలు. మోడల్ లేదు, లైట్లు లేవు, ఒక నోట్‌బుక్, రెండు చార్టులు. వాళ్ల హాస్టల్ పైన ట్యాంకు రోజూ తెల్లవారుజామున పొంగిపోతోంది, వాచ్‌మన్ మోటార్ వేసి వేరే పనికి పోతాడు, ఆపేసరికి సుమారు నలభై నిమిషాలు నీళ్లు గోడ వెంట కారిపోతుంటాయి. ఈ పిల్లలు మూడు వారాలపాటు వంతులు వేసుకుని లేచి టైం రాసుకున్నారు. 5 హెచ్‌పీ మోటార్, నలభై నిమిషాలు, అంటే రోజుకు రెండున్నర యూనిట్లు. ఏడాదికి తొమ్మిది వందల పైమాటే. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇంటికి తొమ్మిది నెలల కరెంటు అది, నీళ్ల లెక్క వేరే. మొదట వాళ్లు ఆ మోటార్‌కి సోలార్ పెడదామని ప్రాజెక్టు రిజిస్టర్ చేసుకున్నారట. లెక్కలు వేసుకుంటూ పోతే సోలార్ అక్కర్లేదు, ట్యాంకు నిండగానే మోటార్‌ని దానంతట అదే ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఒకటి, కొన్ని వందల రూపాయలది, చాలు అని తేలింది. ఆ అమ్మాయి అదే చెప్పింది, "సార్, మేం మొదట అనుకున్నది తప్పు. ప్యానెల్ పెట్టినా నీళ్లు పొంగుతూనే ఉంటాయి, కాకపోతే సోలార్‌తో పొంగుతాయి" అని.

నా పక్కన కూర్చున్న ఇంకో జడ్జి, "ఇందులో ఇన్నోవేషన్ ఏముందమ్మా, ఇది ప్లంబర్ చేసే పనే కదా" అన్నారు. ఆ పిల్ల తల దించుకుంది.

నేనేం చేశానంటే, చేతిలో ఉన్న మార్కుల షీటు చూశాను. ఇన్నోవేషన్‌కి 30, టెక్నాలజీకి 30, మోడల్‌కి 20, ప్రెజెంటేషన్‌కి 20. ఇన్నోవేషన్ లేదు, టెక్నాలజీ లేదు, మోడల్ అసలే లేదు. వందకి నలభై రెండు వేశాను. నా చేత్తోనే వేశాను. ఇంటికొచ్చి శాలువా మడతపెడుతుంటే మా ఆవిడ అడిగింది, ఎలా జరిగిందని. ఏం చెప్పాలో తోచలేదు. ఆరోజు ఆ హాల్లో విలువల గురించి అరగంట ప్రసంగం ఎవరికీ గుర్తుండదు. కానీ కొనుక్కొచ్చిన డబ్బాకి ఫస్టు ప్రైజు, తెల్లవారుజామున లేచి కొలిచి, మా లెక్క తప్పు అని ఒప్పుకున్నవాళ్లకి నలభై రెండు. ఈ పాఠం మాత్రం అక్కడున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఎక్కేసింది. నేర్పింది మేమే, జడ్జిలం.

అందుకే అంటున్నాను, ఇంధనం, పర్యావరణం కోర్సుల్లో విలువలు నేర్పించాలంటే ఇంకో చాప్టర్ కలపక్కర్లేదు, ఇంకో వక్తని పిలవక్కర్లేదు, పోటీలో మార్కులు వేసే షీటు మార్చాలి. పిల్లలు సిలబస్ చదవరు, మార్కులు ఎక్కడ పడతాయో చదువుతారు. మనమూ అంతేగా.

చాప్టర్లు ఇప్పటికే ఉన్నాయి. 1991లో ఎం.సి.మెహతా అనే లాయరు వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మీదట, యూనివర్సిటీల్ని చూసే యూజీసీ డిగ్రీలో పర్యావరణాన్ని ఆర్నెల్ల కోర్సుగా తప్పనిసరి చేసింది. ఇంజినీరింగ్‌లో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ యూనివర్సల్ హ్యూమన్ వాల్యూస్, అంటే మానవ విలువలు, అని ఒక సబ్జెక్టు తెచ్చింది. రాజ్యాంగంలో 51ఎ అధికరణం అడవుల్ని, నదుల్ని కాపాడటం పౌరుల విధి అని 1976 నుంచి చెబుతూనే ఉంది. కానీ పర్యావరణం ఒక మేడం చెబుతారు, విలువలు ఇంకో సార్ చెబుతారు, కరెంటు ఎక్కడెంత ఖర్చవుతోందో లెక్కగట్టే ఎనర్జీ ఆడిట్ ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్) డిపార్ట్‌మెంట్‌లో మరొకరు చెబుతారు, ముగ్గురూ స్టాఫ్ రూంలో కలిసి టీ తాగుతారేమో గానీ క్లాసులో మాత్రం కలవరు. పరీక్షకు ముందురోజు రాత్రి గైడు చదివి గట్టెక్కే సబ్జెక్టు అంటే పర్యావరణమే. మా మేనల్లుడి కొడుకు ఈ మధ్యే చెప్పాడు, "తాతా, హ్యూమన్ వాల్యూస్‌కి నేను స్లిప్పులు పెట్టా" అని. నవ్వాలో తిట్టాలో అర్థం కాలేదు.

విలువల్ని ఇంధనం నుంచి విడదీసి చెప్పడం ఎందుకు కుదరదో నా ఉద్యోగంలో చూసినదే చెబుతాను. మన చిత్తూరు వైపు బోర్లు ఎంత లోతుకు పోయాయో మీకు చెప్పక్కర్లేదు, వెయ్యి అడుగులు అంటే ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. ఆరు వందల అడుగుల కింద నుంచి వెయ్యి లీటర్ల నీళ్లు పైకి రావాలంటే కాగితం మీద అర యూనిట్ కావాలి, మన మోటార్లు, పైపుల నష్టాలతో యూనిట్ దాటుతుంది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. అది తప్పని నేననను, అప్పుడు రైతుల పరిస్థితి కళ్లారా చూశాను. కానీ అప్పట్లో సప్లై రెండు విడతలుగా వచ్చేది, ఒక విడత రాత్రిపూట. చీకట్లో పాములకు భయపడుతూ చేలోకి పోలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు, కరెంటు రాగానే మోటార్ దానంతట అదే తిరుగుతుంది. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద పన్నెండు మోటార్లు ఉన్నాయనుకోండి, మోటార్ స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, పన్నెండూ ఒకేసారి లేస్తే ఓల్టేజీ పడిపోతుంది, మోటార్లు వేడెక్కుతాయి, ఒకరోజు ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. అప్పుడు పన్నెండు మంది చేలూ ఎండుతాయి.

దీనికి మందు టెక్నాలజీలో ఉంది. ఒక్కో మోటార్ కొన్ని నిమిషాల తేడాతో లేచేలా పెట్టొచ్చు, మోటార్‌కి కెపాసిటర్ కడితే ఓల్టేజీ నిలబడుతుంది, పెద్ద ఖర్చు కూడా కాదు. ఊరూరా తిరిగి చెప్పాం. ఒక పెద్దాయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "సార్, నేను పది నిమిషాలు ఆగతా. పక్క చేనోడు ఆగతాడని నువ్వు రాసిస్తావా?" నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఇండక్షన్ మోటార్ గురించి రెండు వందల పేజీలు ఉన్నాయి, పక్క చేనోడి గురించి ఒక్క లైను లేదు. తర్వాత ఒక ఊళ్లో మాత్రం ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద రైతులే కూర్చుని వంతులు వేసుకున్నారు, ముందు ఎవరిది వెయ్యాలి అంటే తక్కువ నీళ్లున్న బోరుది ముందు అన్నారు. వాళ్లు దానికి విలువల విద్య అని పేరు పెట్టలేదు. ఆ ఏడాది ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలలేదు.

ఇలాంటి సమస్య ఇచ్చి పిల్లల్ని పోటీకి దించండి. సర్క్యూట్ వాళ్లు గీస్తారు, అది కష్టం కాదు, కానీ పన్నెండు మందిని ఒప్పించే పద్ధతి కూడా చెప్పాలి అనండి, అందుకు ఊరికి పోయి నాలుగు రోజులు తిరగాలి అనండి. అప్పుడు తెలుస్తుంది.

ఎల్ఈడీ బల్బుల కథా ఇంతే. పొదుపు కదా అని పెడతాం, తక్కువే కాలుతుంది కదా అని గేటుకీ మేడమెట్లకీ కాంపౌండు గోడకీ కూడా పెట్టి రాత్రంతా వదిలేస్తాం. బొగ్గు విషయంలో ఈ సంగతి 1865లోనే జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త చెప్పాడు, ఇంజన్లు బొగ్గుని పొదుపుగా వాడటం నేర్చేకొద్దీ దేశం మొత్తంలో బొగ్గు వాడకం పెరుగుతుందని. మిషన్ మంచిదైనంత మాత్రాన వాడకం తగ్గదు, ఎంత చాలు అనేది మనిషే తేల్చుకోవాలి. ఆ "ఎంత చాలు" అన్న ప్రశ్నకు ఎనర్జీ ఇంజినీరింగ్‌లో ఫార్ములా లేదు.

పోటీ రూల్స్‌తోనే విలువలు నేర్పించొచ్చని బయట దేశాల్లో చేసి చూపించారు. అమెరికా ఇంధన శాఖ 2002లో సోలార్ డెకథ్లాన్ అని మొదలుపెట్టింది, విద్యార్థులు సోలార్‌తో నడిచే ఇల్లు కట్టి వాషింగ్టన్‌లో నడిబొడ్డున పెట్టాలి. ఇల్లు నిలబెడితే చాలదు, అందులో వంట చెయ్యాలి, బట్టలు ఉతకాలి, వేడినీళ్లు రావాలి, తర్వాతి ఏళ్లలో పక్క జట్టు వాళ్లని పిలిచి భోజనం పెట్టడానికి కూడా మార్కులు పెట్టారు. నాకు బాగా నచ్చింది 2011లో చేసిన మార్పు. అప్పటిదాకా డబ్బున్న జట్లు కోట్లు పోసి ఇళ్లు కట్టేవి, ఆ ఏడాది నుంచి ఖర్చుకీ ఒక పోటీ పెట్టారు, ఇల్లు రెండున్నర లక్షల డాలర్ల లోపు అయితేనే పూర్తి మార్కులు, అక్కడి నుంచి ఎంత పెరిగితే అంత కోత. మామూలు మనుషులు కొనగలిగేదే మంచి ఇల్లు అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, ఒక్క రూలుతో తేల్చేశారు. మన దేశంలోనూ సోలార్ డెకథ్లాన్ ఇండియా నడుస్తోంది, 2017 నుంచి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ ఉంది. మన పిల్లలు వాటికి పోవాలి, తప్పకుండా పోవాలి. కానీ ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, హాస్టల్ ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పొమ్మంటున్నాను.

నన్ను అడిగితే ఎలా పెడతానంటే, సమస్య కాలేజీ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉండాలి. నెలరోజులు సొంతంగా కొలవాలి, మీటర్ రీడింగో నీళ్లో చెత్తో ఏదైతే అది, గూగుల్ నుంచి తెచ్చిన అంకెలు చెల్లవు. ప్రాజెక్టు ఎవరి కోసం చేశారో వాళ్లలో ఒకరు జడ్జిగా కూర్చోవాలి, మెస్సులో వంటావిడ గానీ, పంపు ఆపరేటర్ గానీ, ఊడ్చే మనిషి గానీ, వాళ్ల చేతిలో కనీసం 25 మార్కులు ఉండాలి. నేనూ నాలాంటి శాలువా వాళ్లూ వాళ్ల పక్కన కూర్చుంటాం, అంతే. "మేం ఎక్కడ తప్పాం" అని ఒక పేజీ తప్పనిసరి, దానికి మార్కులు, ఆ పేజీ ఖాళీగా ఉంటే సున్నా, ఎందుకంటే తప్పు చెయ్యని ప్రాజెక్టు ఉండదు, ఉంటే అది కొన్నదే. వస్తువు ఏదైనా తయారుచేస్తే అది పాడయ్యాక ఏమవుతుందో చెప్పాలి. బ్యాటరీలకు 2022లో కొత్త నిబంధనలు వచ్చాయి, పాత సోలార్ ప్యానెళ్లు కూడా ఈ-వేస్ట్ కిందికి వచ్చాయి, ఎనర్జీ చదివే పిల్లలకు ఇది క్లాసులో కాకపోతే ఇక్కడైనా తెలియాలి. కొత్తది కొనకుండా సమస్య తీర్చిన వాళ్లకు అదనంగా పది మార్కులు. బహుమతి డబ్బులు పిల్లలకి పంచడం కాదు, ఆ పని చేయించడానికే ఖర్చుపెట్టాలి, ఆరు నెలలయ్యాక వెళ్లి చూడాలి, అది పనిచేస్తోంటేనే సర్టిఫికెట్.

ఇంకొకటి మర్చిపోయాను. పోటీ జరిగే హాలు మీటర్ రీడింగ్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసి బోర్డు మీద రాయాలి, నిర్వాహకులకి సిగ్గో గర్వమో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇదంతా ఒక లెక్చరర్ మిత్రుడితో అంటే ఆయన రెండు అడ్డంకులు చెప్పాడు. మొదటిది, విలువలకు మార్కులేస్తే పిల్లలు నటిస్తారన్నాడు. నిజమే, నటిస్తారు, అందుకే విలువలకు మార్కులు వెయ్యొద్దంటున్నాను. నిర్ణయాలకు వెయ్యండి. నిజాయితీ గురించి వ్యాసం రాస్తే మార్కులు కాదు, తప్పు లెక్కని నోట్‌బుక్‌లో కొట్టేసి పక్కన కొత్తది రాసి తేదీ వేస్తే మార్కులు. మూడు వారాలు తెల్లారక ముందే లేచి నటించేవాడు ఎవడైనా ఉంటే వాడికి మార్కులు వేసినా నష్టం లేదు! రెండోది ఆయన నిట్టూరుస్తూ చెప్పాడు, "అన్నా, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లకి చూపించడానికి మాకు జియోట్యాగ్ ఉన్న ఫొటోలు, అంటే ఎక్కడ తీశారో ముద్ర పడిన ఫొటోలు కావాలి, ఈవెంట్ చిన్నగా చేస్తే ఫైలు నిండదు". దీనికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. లెక్చరర్ల మీద పని భారం నాకు తెలుసు, రీడింగులు సరిచూడటం, పల్లెలకు పంపడం, ఏ అమ్మాయైనా దారిలో ఇబ్బంది పడితే తల్లిదండ్రులకు జవాబు చెప్పడం, ఇవన్నీ వాళ్ల మీదే పడతాయి. అందుకే దీన్ని ఉన్నవాటి మీద అదనంగా పెట్టొద్దు, పర్యావరణం సబ్జెక్టులో ఇంటర్నల్ మార్కులు ఉంటాయి కదా, అసైన్‌మెంట్ అని గైడులోది కాపీ కొట్టించే బదులు వాటినే దీనికి కేటాయించండి. ఫొటో కావాలంటే ట్యాంకు దగ్గర తీయండి, అక్కడా జియోట్యాగ్ పడుతుంది.

మన తిరుపతిలో చెయ్యకపోతే ఇంకెక్కడ చేస్తారు? 1954లో పెట్టిన ఎస్వీ యూనివర్సిటీ ఉంది, 1983 నుంచి పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, 2015 నుంచి ఐఐటీ, సైన్సు చదువులకు ఐసర్ ఉన్నాయి, చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు సరేసరి. పాఠానికి సరుకు కొండ మీదా కిందా కూడా ఉంది. తిరుమలలో భక్తుల వంటకి 2002లోనే సోలార్ ఆవిరి వాడారు, 2022 నుంచి ఘాట్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. కల్యాణి డ్యామ్ నీళ్లు కొండ ఎక్కాలంటే ఐదారు వందల మీటర్లు నిలువునా ఎక్కాలి, వెయ్యి లీటర్లకు పంపు నష్టాలు కలిపితే రెండు యూనిట్లు దాటుతుంది. కొండ మీద కుళాయి తిప్పి వదిలేసిన మనిషికి ఈ లెక్క బోర్డు మీద కనిపిస్తే ఏమైనా మార్పు వస్తుందా రాదా, ఇది పిల్లలు తేల్చాల్సిన ప్రశ్న, మంచి ప్రాజెక్టు. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, రాయలచెరువు కట్టకేమవుతుందోనని కింద ఊళ్లు వణికినప్పుడు, ఇప్పుడు డిగ్రీ చదివే పిల్లల్లో చాలామంది ఇక్కడే స్కూల్లో ఉన్నారు. వాళ్ల వీధిలోకి నీళ్లు ఎందుకొచ్చాయో, ఏ కాలువ మీద ఏం కట్టారో, కట్టింది తమ బంధువులే అయితే ఏం చెయ్యాలో వాళ్లనే వెతకమనండి. ఆ చివరి ప్రశ్న దగ్గర నేనైతే కచ్చితంగా తడబడతాను.

పోటీ అయిన పది రోజులకి ఆ కాలేజీకి ఒక కార్డు రాశాను, ఫ్లోట్ స్విచ్ ఖర్చు నేనే పెట్టుకుంటాను, బిగించడానికి ఒప్పుకోండి అని. ఇంకా జవాబు రాలేదు. మొన్న పొద్దున వాకింగ్‌లో అటువైపు వెళ్లాను, హాస్టల్ గోడ మీద పచ్చగా పాచి పట్టిన గీత రోడ్డు మీదికే కనిపిస్తోంది, నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆ ముగ్గురు పిల్లల పేర్లు నేను అడగలేదు, మార్కుల షీట్లో టీం నంబరే ఉంది. ఈ ఉత్తరం వాళ్ల కంట పడితే, అమ్మా, ఆ నలభై రెండు నాదే, నన్ను క్షమించండి.

వచ్చే ఏడాది నన్ను మళ్లీ పిలిస్తే వస్తాను. శాలువా వద్దు, మార్కుల షీటు మాత్రం వారం ముందే పంపమంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ విద్యుత్ ఇంజినీర్,
కొర్లగుంట, తిరుపతి.